వింటున్నది, చూసి మాట్లాడండి

కట్లపాము కరిస్తే నొప్పి తెలియదు. వాపు రాదు, రక్తం కారదు, చాలాసార్లు గాటు కూడా కంటికి కనిపించదు. ఈ సంగతి ఆ రాత్రి మా ఇంట్లో ఏ ఒక్కరికి తెలిసి ఉన్నా నేను పది రోజులు గొంతులో గొట్టంతో పడి ఉండేదాన్ని కాదేమో. నేను ఉన్నత పాఠశాలలో తెలుగు పండితురాలిని. సర్పము, పన్నగము, భుజంగము, ఉరగము అంటూ పద్దెనిమిదేళ్లుగా పిల్లల చేత పర్యాయపదాలు వల్లె వేయించాను గానీ, ఏ పాము కరిస్తే ఒంట్లో ఏమవుతుందో ఒక్కనాడూ చెప్పలేదు. నాకే తెలియనిది ఏం చెప్పగలను? నేర్చుకోవడానికి చెల్లించిన రుసుము ఎక్కువే గనుక, భయం కొంత తగ్గిన ఈ రోజుల్లోనైనా దీన్ని రాసి పెట్టాలనుకున్నాను. ఇందులో కొందరి మీద కోపం కూడా ఉంటుంది. దాన్ని దాచుకోవాలని నాకు లేదు.

2023 జులై చివరి వారం. వారం రోజులుగా ముసురు వదలలేదు. దేవరకొండ అవతల మా పుట్టింట్లో నాయిన సంవత్సరీకానికి చుట్టాలు చాలామంది వచ్చారు. మంచాలు ముసలివాళ్లకు, అల్లుళ్లకు పోగా ఆడవాళ్లమంతా నడింట్లో చాపలు, బొంతలు పరుచుకుని పడుకున్నాం. తెల్లవారుజామున మూడు గంటలకు కడుపులో మెలిపెట్టినట్టయి మెలకువ వచ్చింది. గారెలు అరగలేదనుకున్నాను. అమ్మ లేచి వాము నలిపి ఇచ్చింది. అరగంటకు వాంతి అయింది. ఆ తర్వాత ఉమ్ము కూడా మింగుడు పడలేదు. నాలుగున్నరకు తమ్ముడి భార్య చాయ్ తెచ్చి, నా ముఖం చూసి, "వదినె, కండ్లు మూతలు పడుతున్నయ్, ఇంకా నిద్ర తీరలేదా?" అని నవ్వింది. నేను కళ్లు తెరుచుకునే ఉన్నాననుకుంటున్నాను. రెప్పల కింది సందులోంచి లోకాన్ని చూడడానికి తల వెనక్కి వాల్చి కూర్చున్నానని ఆమె చెప్పేదాకా నాకు తెలియలేదు.

తమ్ముడికి ఏదో అనుమానం వచ్చి బొంతలు దులిపాడు. నేను పడుకున్న బొంత మడతలోంచి మూరెడు పాము జారి పడింది. నల్లటి ఒళ్లు, దాని మీద వరుసగా సన్నటి తెల్లటి కట్లు. దాన్ని వెంటాడి చంపడంలో పది నిమిషాలు పోయాయి. ఒళ్లంతా వెతికినా గాటు కనిపించలేదు కాబట్టి అది కరవలేదని మా చిన్న మేనమామ తీర్మానించాడు. కరిచినా సరే, పక్క ఊళ్లో మంత్రం వేసే పెద్దమనిషి ఉండగా దవాఖాన దాకా ఎందుకన్నాడు. ఆ మాటకు ఎదురు చెప్పే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు. పెద్దవాడు, కన్యాదానం చేసినవాడు. ఆయన మీద కోపం నాకు ఇప్పటికీ పోలేదు. పండగలకు కాళ్లు మొక్కుతాను, కోపం మాత్రం అలాగే ఉంది.

మంత్రం వేసే ఆయన మీద మాత్రం లేదు. ఆయన నా నోట్లో వేపాకు పెట్టి, చేదున్నదా తియ్యగున్నదా అని అడిగాడు. నాలుక కదిలితే కదా చెప్పేది! నా గడ్డం పట్టి పైకెత్తి రెండు నిమిషాలు చూశాడు. "ఇది నాతోని కాదు, జల్ది దవాఖానకు ఉరుకుండ్రి" అని తన కొడుకు ఆటోనే బయటికి తీయించాడు. దక్షిణ కూడా ముట్టలేదట. ఆయనకు తన విద్య ఎంతవరకో తెలుసు. మా మామకు అది కూడా తెలియదు.

దగ్గరి పట్టణంలోని చిన్న ఆసుపత్రికి చేరేసరికి ఆరున్నర. అప్పటికి మాట పూర్తిగా పోయింది. అక్కడ పది సీసాల విరుగుడు మందు ఎక్కించారు, చలి పుట్టి ఒళ్లంతా దడదడలాడింది, దానికి మరో సూది వేశారు. శ్వాస తేలిపోతుంటే గొంతులోకి గొట్టం దించి 108లో జిల్లా కేంద్రానికి పంపారు. ఇవన్నీ జరిగిన క్రమం నాకు తర్వాత చెప్పినదే. నాకు స్వయంగా గుర్తున్నది ఒక లెక్క. గొట్టానికి తగిలించిన రబ్బరు సంచిని పిసికితేనే నాకు ఊపిరి. అంబులెన్సులోని పిల్లవాడు కాసేపు పిసికి, ఇంకో పని చూసుకోవలసి వచ్చినప్పుడు దాన్ని మా తమ్ముడి చేతికిచ్చి, లెక్క పెట్టమన్నాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, పిసుకు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, పిసుకు. ట్రాక్టరు స్టీరింగు తిప్పే చేతులు వాడివి. దారి పొడవునా గుంతలు. గుంతలో బండి ఎగిరినప్పుడల్లా లెక్క తప్పేది, తప్పిన ప్రతిసారీ వాడు ఏడుస్తూ మళ్లీ ఒకటి దగ్గర మొదలుపెట్టేవాడు. ఆ లెక్క నాకు వినిపిస్తూనే ఉంది. రెప్పలు పడిపోయాయి, వేలు కదలదు, కానీ చెవులు పనిచేస్తూనే ఉన్నాయి.

నేను ఈ వ్యాసం మొదలుపెట్టింది అసలు ఆ చెవుల గురించి చెప్పడానికే.

పెద్దాసుపత్రిలో మొదటి రాత్రి. వెంటిలేటరు చప్పుడు, పక్క మంచం మీద ఎవరిదో మూలుగు, గోడ గడియారం. ఎవరో నా రెప్పలు పైకెత్తి కళ్లలో టార్చి వేశారు. ఒక క్షణం పాటు తెల్లటి వెలుగు, దాని వెనక కుర్రవాడి ముఖం. రెప్పలు వదిలేయగానే మళ్లీ చీకటి. అతను మావారితో అన్న మాటలు అక్షరం పొల్లుపోకుండా చెప్పగలను. "పాపలు పూర్తిగా విచ్చుకుపోయినయ్ సార్. లైటుకు కదుల్తలేవు. మెదడు పోయినట్టే. ఇంట్ల వాళ్లకు చెప్పుకోండి. మిషన్ మీద ఎన్ని రోజులు ఉంచినా ఖర్చే."

నేను అరిచాను. లోపల అరిచాను. అరుపు ఎక్కడికీ పోలేదు. చేయి లేపాలనుకున్నాను, లేపాననే అనిపించింది, కానీ దుప్పటి కదిలిన చప్పుడు వినబడలేదు. చచ్చిపోవడం ఇలాగే ఉంటుందేమో, నేను చచ్చిపోయానన్న సంగతి నాకొక్కదానికే ఇంకా తెలియలేదేమో అన్న అనుమానం అప్పుడు వచ్చింది. అంత భయం నా జన్మలో ఎరగను. మావారు ఏమీ మాట్లాడలేదు. ఆయన చెప్పులు నేల మీద రాసుకుంటూ బయటికి పోవడం వినిపించింది.

అర్ధరాత్రి దాటాక మా బావగారు, ఇంకొకరెవరో లోపలికి వచ్చారు. బావగారు మంచివారు, మా పెళ్లి ఖర్చు సగం మోసినవారు. మంచం పక్కన నిలబడి నెమ్మదిగా, దుఃఖంతోనే అన్నారు. "ఏం చేస్తం. పొద్దున తీస్కపోతే చుట్టాలందరికి అందుబాటయితది. సర్వీసుల ఉండంగ పోయింది గాబట్టి పిల్లగానికి నౌకరన్న వస్తది. ఇంటరు అయిపోనియ్యాలె, అంతే." కారుణ్య నియామకం! నా కొడుకు ఇంటరు రెండో సంవత్సరం. వాడి భవిష్యత్తును నా చావు మీద అంత శ్రద్ధగా నిలబెడుతుంటే నాకు ఏడుపు రావలసింది, కానీ నిజం చెబుతున్నాను, నవ్వు వచ్చింది. వాడికి లెక్కలు రావు, గుమాస్తా పని కూడా చేయలేడు బావా అని చెప్పాలనిపించింది.

ఆ రాత్రి నాతో మాట్లాడిన మనిషి ఒక్కరే. మూత్రపు సంచి మార్చడానికి వచ్చిన ఆయమ్మ. నా జడ చిక్కు పడితే వేళ్లతో విడదీస్తూ, "ఇంత మంచి ఎంటికలు పెట్టుకోని గిట్ల పండుకుంటివేంది బిడ్డా, లే, లేచి దువ్వుకో" అంది. తన బిడ్డ కాన్పుకు వచ్చిందని, అల్లుడు సెల్లు ఎత్తడం లేదని చెప్పింది. నేను వింటున్నానని ఆమెకు తెలిసి కాదు. ఆమెకు పని చేసేటప్పుడు మాట్లాడే అలవాటు, అంతే. ఆ అలవాటు పట్టుకుని నేను తెల్లవారేదాకా ఉన్నాను.

పొద్దున ఎనిమిదింటికి మత్తు వైద్యం చూసే పెద్ద మేడమ్ వచ్చారు. కాగితాలు తిరగేసి, చంపిన పాము ఫొటో తమ్ముడి సెల్లులో చూసి, కుర్ర డాక్టరును గట్టిగానే అడిగారు. కట్లపాము విషం కంటిపాపను కదిలించే నరాలను కూడా పడగొడుతుంది, పాప కదలనంత మాత్రాన మెదడు పోయిందని ఎవరు చెప్పారు మీకు అని. ఆ తర్వాత నా చెవి దగ్గరికి వంగి, "అమ్మా, నా మాట వినిపిస్తే కుడికాలి బొటనవేలు కదిలించండి" అన్నారు. నా ప్రాణమంతా ఆ వేలి దగ్గరికి తోశాను. కదిలిందో లేదో నాకు తెలియదు. "చూశారా!" అన్న ఆమె కేక మాత్రం వినిపించింది. నర్సు చేత ఒక ప్లాస్టరు ముక్క తెప్పించి, దాని మీద మార్కరుతో "వింటున్నది, చూసి మాట్లాడండి" అని రాయించి నా మంచం కమ్మీకి అంటించారు. ఆ రోజు నుంచి నా చుట్టూ మాటల తీరే మారిపోయింది. బావగారు రెండు రోజులు లోపలికి రాలేదట.

మిగిలిన రోజుల వివరం రాయను. గొట్టం, సూదులు, కఫం తీసే మిషను, ఉద్యోగుల హెల్త్ కార్డు మీద జరిగిన వాదులాట, ఇవన్నీ ఆసుపత్రికి పోయినవారందరికీ తెలిసినవే. ఆరో రోజు వేళ్లు, ఎనిమిదో రోజు రెప్పలు, పదో రోజు శ్వాస తిరిగొచ్చాయి. అమ్మ చెరువుగట్టు జడల రామలింగేశ్వరస్వామికి నా తలనీలాలు మొక్కుకుంది. ఆయమ్మ మెచ్చుకున్న వెంట్రుకలు అలా స్వామికి పోయాయి. మొక్కు తీర్చిన రోజు గుట్ట మెట్లు ఎక్కుతూ మొదటిసారి నా ఊపిరి నేనే లెక్కపెట్టుకున్నాను.

ఇంటికి వచ్చాక చదవడం మొదలుపెట్టాను. తెలుగు పండితురాలిని గనుక మొదట కళ్లలో పడింది ఒక పేరు. కట్లపాముల జాతికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు బంగారస్. పద్దెనిమిదో శతాబ్దం చివర కోరమాండల్ తీరంలో, విశాఖపట్నంలో పనిచేసిన ప్యాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు పాముల బొమ్మలు వేయిస్తూ, నల్లపసుపు పట్టీలున్న పామును మనవాళ్లు ఏమంటారో విని "బంగారు పాము" అని 1796 నాటి తన వర్ణనలో రాసుకున్నాడు. ఆ తెలుగు మాటే లాటిన్ వేషం కట్టింది. మన రక్తపింజరకు ఇంగ్లిషులో ఆయన పేరే పెట్టారు. 1963లో తైవాన్ శాస్త్రజ్ఞులు అక్కడి కట్లపాము విషం నుంచి విడదీసిన పదార్థాలకు కూడా అదే వరుసలో బంగారోటాక్సిన్లు అని పేరు వచ్చింది. అంటే నన్ను పడగొట్టిన విషం పేరులో నా భాష ఉంది. దీనికి సంతోషించాలో ఏడవాలో తెలియదు.

ఆ విషం చేసే పని చెరువు తూముతో పోల్చి చెబితే మా పిల్లలకు అర్థమైంది. నరం చివర తూములాంటి చోటు ఉంటుంది. అక్కడి నుంచి ఒక రసాయనం పారితేనే కండరం కదులుతుంది. నాగుపాము విషం ముఖ్యంగా అవతలి కాలువకు అడ్డం పడుతుంది, అడ్డు తీస్తే నీళ్లు పారతాయి. కట్లపాము విషంలోని బీటా రకం అలా కాదు, తూమునే పగలగొడుతుంది. విరుగుడు మందు రక్తంలో తిరుగుతున్న విషాన్ని పట్టుకోగలదు గానీ, పగిలిన తూమును కట్టలేదు. దాన్ని శరీరమే రోజుల తరబడి కట్టుకోవాలి, అప్పటిదాకా ఎవరో ఒకరు ఊపిరి పోయాలి. అందుకే మందు గంట ముందు పడటానికి, గంట తర్వాత పడటానికి అంత తేడా.

ఆ మందు తయారయ్యే పద్ధతి ఫ్రెంచి వైద్యుడు ఆల్బెర్ కాల్మెట్ 1890లలో కనిపెట్టినదే. గుర్రానికి కొద్దికొద్దిగా విషం ఎక్కించి, దాని రక్తంలో పుట్టిన ప్రతిరక్షకాలను వేరుచేసి మనకు ఎక్కిస్తారు. గుర్రపు రక్తం మనకు పరాయిది గనుకే ఆ చలి, ఆ దడ. మన దేశపు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర అనే నాలుగింటి విషానికే పనిచేస్తుంది. ఆ విషంలో ఎక్కువ భాగం చెన్నై దగ్గర 1978లో ఏర్పడ్డ ఇరుల పాములవాళ్ల సహకార సంఘం నుంచి వస్తుంది. ఒకే జాతి పాముకైనా ఒక ప్రాంతంలో విషం ఒక తీరుగా, ఇంకో ప్రాంతంలో ఇంకో తీరుగా ఉంటుందని బెంగళూరు శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. తమిళనాడు పాము విషంతో చేసిన మందు మన దేవరకొండ పాముకు ఎంత సరిపోతుందన్నది కాబట్టి గడుసు ప్రశ్నే. అలాంటి మందు తయారుచేసే కంపెనీ ఒకటి మన పాత మహబూబ్‌నగర్ జిల్లా కొత్తూరు మండలం తిమ్మాపూర్‌లోనే ఉంది. నేను ఎన్నోసార్లు బస్సులో ఆ దారిన పోయాను, ఒక్కసారీ తలెత్తి చూడలేదు.

గుర్రం లేని మందు కోసం ఇప్పుడు నాలుగు దిక్కులా ప్రయత్నం జరుగుతోంది. 2024 ఫిబ్రవరిలో బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థ వారు, అమెరికాలోని స్క్రిప్స్ పరిశోధన సంస్థ వారు కలిసి, నాగుపాముల, కట్లపాముల విషాల్లో సామాన్యంగా ఉండే ఒక రకం నరాల విషాన్ని పట్టుకునే ప్రతిరక్షకాన్ని ప్రయోగశాలలోనే తయారుచేసి ఎలుకలను బతికించారు. 2025 జనవరిలో, అంతకుముందు ఏడాదే రసాయనశాస్త్రంలో నోబెల్ అందుకున్న డేవిడ్ బేకర్ బృందం, అసలు ఏ జంతువూ అక్కర్లేకుండా కంప్యూటరు మీద గీసిన ప్రోటీన్లతో అలాంటి పనే చేసి చూపింది. అదే ఏడాది మే నెలలో వచ్చిన వార్త మా అమ్మకు చదివి వినిపించాను. అమెరికాలో ట్రక్కుల మెకానిక్కుగా పనిచేసిన టిమ్ ఫ్రీడ్ అనే ఆయన పద్దెనిమిదేళ్ల పాటు కావాలనే పాము విషం ఎక్కించుకుని, రెండు వందలకు పైగా కాట్లు వేయించుకుని, తన రక్తంలో ప్రతిరక్షకాలు పండించాడు. వాటిలో రెండింటిని తీసుకుని, ఇంకొక మందు కలిపితే, పరీక్షించిన 19 జాతుల్లో 13 జాతుల విషం నుంచి ఎలుకలు పూర్తిగా తప్పించుకున్నాయి. అమ్మ అంతా విని, "వానికి పెండ్లాం పిల్లలు లేరా?" అంది.

అన్నీ ఎలుకలే. ఎలుక దగ్గర నుంచి మనిషి దాకా, మనిషి దగ్గర నుంచి మా ఊరి దాకా ఎన్నేళ్లు పడుతుందో లెక్క వేసుకుంటే ఉత్సాహం సగం చల్లారుతుంది. ఇదేమీ అరుదైన జబ్బు కాదు. 2020లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం 2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది పోయారు, అంటే ఏడాదికి సగటున 58 వేలు. ఎక్కువ మంది పల్లెల్లో, వానాకాలంలో. మరణాలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని పట్టించుకోని జబ్బుల జాబితాలో చేర్చిందే 2017లో. 2030 నాటికి మరణాలు సగానికి తగ్గించాలని మన కేంద్రప్రభుత్వం 2024లో ఒక ప్రణాళిక ప్రకటించింది. చచ్చిపోయేది పత్తి చేలల్లో, నేల మీద చాపల్లో పడుకునేవాళ్లు కాకుండా కారుల్లో తిరిగేవాళ్లే అయితే ఇంత ఆలస్యం అయ్యేదా అని అడగాలనిపిస్తుంది. అడిగాను కూడా, జిల్లా కేంద్రంలో జరిగిన ఒక అవగాహన సభలో. వేదిక మీదివారు చప్పట్లు కొట్టి తర్వాతి వక్తను పిలిచారు.

నేను నిజంగా ఆశ పెట్టుకున్నది మాత్రం ఒక గోలీ మీద. దాని పేరు వారెస్ప్లాడిబ్. ఒకప్పుడు గుండె జబ్బుకని పరీక్షించి, అక్కడ పనికిరాక పక్కన పెట్టిన మందు. చాలా పాముల విషాల్లో ఉండే ఒక ఎంజైమును అది అడ్డుకుంటుందని కాలిఫోర్నియా వైద్యుడు మాథ్యూ లెవిన్ గుర్తించాడు. నా కట్లపాము బీటా విషంలో కూడా ఆ ఎంజైము కుటుంబానిదే ఒక భాగం. ఫ్రీడ్ రక్తంతో పాటు కలిపిన మూడో మందు ఇదే. ఈ లెవిన్ 2013లో ఒక చిత్రమైన పని చేశాడు. మెలకువగా ఉండగానే కండరాలు పడిపోయే మందు తనకు తాను ఎక్కించుకుని, ముక్కులో చల్లే మరో మందుతో తేరుకోవచ్చా అని పరీక్షించుకున్నాడు, తేరుకున్నాడు. అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను పడ్డ ఆ చీకట్లోకి ఒక మనిషి తనంతట తాను దిగి చూశాడన్నమాట.

గోలీకి సూది అక్కర్లేదు, నర్సు అక్కర్లేదు. పొలం గట్టున, తండాలో, నడింట్లో బొంత మీద కూర్చుని మింగొచ్చు. నాకైతే నాలుగింటికే గొంతు పడిపోయింది గనుక మూడింటికే, కడుపునొప్పి లేచినప్పుడే వేసుకుని ఉండాలి. ఆ తర్వాత ఆసుపత్రికి పోవాలి, అది మానకూడదు. మన దేశంలోనూ అమెరికాలోనూ పాము కరిచినవారి మీదనే దీన్ని పరీక్షించారు. మామూలు వైద్యంతో పాటు గోలీ కూడా ఇచ్చినవారికి, ఇవ్వనివారికి మధ్య మొత్తం మీద తేల్చి చెప్పగల తేడా రాలేదు. కాటు పడిన 5 గంటల లోపు మొదలుపెట్టినవారిలో మాత్రం మేలు కనిపించింది. ఈ "మాత్రం" మీద నేను ఎంత బరువు వేశానో చెప్పలేను. నాకు మూడింటికి నొప్పి లేచింది, ఆరున్నరకు ఆసుపత్రి. ఆ మూడున్నర గంటలు వాము, వేపాకు, మంత్రం, మా మామ పెద్దరికం తినేశాయి.

మందును ఊళ్లకు చేర్చడం అంత అసాధ్యమేమీ కాదు. 2021 సెప్టెంబరులో మన వికారాబాద్‌లోనే డ్రోన్ల మీద మందులు, టీకాలు పంపి చూశారు. దుక్కి దున్నే నేల మీద డ్రోన్ ఎగిరింది గానీ, అది ఎగిరే వేళకు మంత్రం దగ్గర కూర్చున్నవాడిని ఏ డ్రోన్ లేపుతుంది? అందుకే బడిలో ఏటా జూన్‌లో మొదటి పాఠం నేను పాము గురించే చెబుతున్నాను. నేల మీద పడుకోవద్దు, పడుకుంటే దోమతెర అంచులు చాప కిందికి దోపండి. రాత్రి బయటికి పోతే టార్చి ఉండాలి. కరిస్తే కట్టు బిగించొద్దు, కోయొద్దు, పాము వెనక పరుగెత్తొద్దు. గాటు లేకపోయినా తెల్లవారుజామున కడుపునొప్పి, రెప్పలు వాలడం కనిపిస్తే నేరుగా ఆసుపత్రికే పోవాలి.

ఇక రెండో ఆశ చెవులకు సంబంధించింది. 2006లో ఏడ్రియన్ ఓవెన్ అనే శాస్త్రజ్ఞుడు, రోడ్డు ప్రమాదం తర్వాత ఏ స్పందనా లేకుండా పడి ఉన్న ఒక యువతిని మెదడు చిత్రాలు తీసే యంత్రంలో పెట్టి, టెన్నిస్ ఆడుతున్నట్టు ఊహించుకో అన్నాడు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు మెదడులో ఏ చోటు వెలుగుతుందో ఆమెకూ అదే చోటు వెలిగింది. ఆ యంత్రం గది అంత ఉంటుంది. 2019లో న్యూయార్క్ వైద్యులు తలకు తగిలించే తీగలతోనే, మెదడు దెబ్బతిని ఏ మాటకూ కదలని 104 మందిని పరీక్షించారు. చేయి కదపమని చెప్పినప్పుడు వారిలో 15 శాతం మంది మెదళ్లలో ఆ ప్రయత్నపు జాడ దొరికింది. అంటే నాలా లోపలి నుంచి అరుస్తున్నవాళ్లు ఉన్నారు. నాకు కావలసింది ఆ తీగలు నుదుటికి కట్టుకునే పట్టీ అంత చిన్నవై, జ్వరం కొలిచే గొట్టంలా ప్రతి ఐసీయూలో వేలాడటం. రెప్పలెత్తి టార్చి వేసే ముందు ఆ పట్టీ కట్టాలి. ఇది నా జీవితకాలంలో వస్తుందన్న నమ్మకం నాకు గోలీ కంటే ఎక్కువే ఉంది. అది వచ్చేదాకా ప్లాస్టరు ముక్క, మార్కరు చాలు. వాటికి ఏ పరిశోధనా అక్కర్లేదు, అయినా ఎవరూ వాడరు.

రెండు నెలల తర్వాత చూపించుకోవడానికి పోయినప్పుడు ఆ కుర్ర డాక్టరు వరండాలో కనిపించాడు. ఆ రాత్రి అతనన్న మాటలన్నీ అతనికే అప్పజెప్పాను. ముఖం పాలిపోయింది. "ముప్పై ఆరు గంటల డ్యూటీ అమ్మా అది. కట్లపాము కేసు అంతకుముందు నేను చూడలేదు" అన్నాడు. క్షమించమని కూడా అన్నాడు. క్షమించాను అనలేదు. నీ తర్వాతి రోగి చెవి దగ్గర మాట్లాడు అని మాత్రం చెప్పి వచ్చేశాను. దారిలో కొంచెం మెత్తబడ్డాను, ఇంటికి చేరేసరికి మళ్లీ కోపం వచ్చింది. ఆయమ్మ ఆ రోజు సెలవులో ఉంది. ఆమె కోసం తీసుకుపోయిన చీర నర్సు చేతికిచ్చి వచ్చాను.

బావగారు ఆ నౌకరీ మాట ఎన్నడూ ఎత్తలేదు. దసరాకు మా ఇంటికి తన తోటలోని బత్తాయిలు ఒక సంచి నిండా తెచ్చి గడపలో పెట్టి, చాయ్ కూడా తాగకుండా వెళ్లిపోయారు. ఈ రెండేళ్లలో నాలుగుసార్లు అలాగే తెచ్చారు. మా వాడు డిగ్రీలో చేరాడు, లెక్కలు ఇప్పటికీ రావు.

మొన్న ఆషాఢంలో పుట్టింటికి పోయాను. నాకు మంచం వేసి, అమ్మ ఎప్పటిలాగే నేల మీద చాప పరిచింది. ఎంత చెప్పినా వినదు, మంచం మీద నిద్ర పట్టదంటుంది. ముసురు మళ్లీ మొదలైంది. రాత్రి బీపీ గోలీ ఇస్తూ, ఈ రకం గోలీల మొట్టమొదటి ఆలోచన బ్రెజిల్ దేశపు ఒక పాము విషంలోంచి పుట్టిందని చెప్పాను. ఆమె గోలీని వేళ్ల మధ్య తిప్పి చూసి మింగింది.

"మరి నువ్వు చెప్పిన ఆ పాము గోలీ దుకాన్ల దొరుకుతున్నదా బిడ్డా?"

"ఇంకా లేదమ్మా."

"ఎప్పుడొస్తదట?"

"తెలువదు. పరీక్షలు చేస్తున్నరు."

"అయితే ఆ దోమతెర ఇటు తే" అని, చాప అంచు తానే పైకెత్తి పట్టుకుంది.